గేటు పడ్డ పదకొండు నిమిషాలు

మూడు రోజులు ఛాతీకి అతికించుకు తిరిగిన
రెండు బిళ్లల్నీ పీకి నా బల్ల మీద పెట్టాడు ఇల్పో.
గోళ్ల సందుల్లో గ్రీజు. ఒక బిళ్లకి అంటుకొచ్చిన
నెరిసిన వెంట్రుక.
కజానీలో జనవరి. పొద్దున తొమ్మిదైనా కిటికీ బయట
ఇంకా ఎటూ తేల్చుకోని వెలుతురు.

ఇరవై రెండు చలికాలాలుగా
రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతున్నాడు.
నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఫోను దిండు కిందే.
మంచు పడితే అది మోగుతుంది.
పడని రాత్రి, పడుతుందేమోనని
అతనే మోగుతుంటాడు లోలోపల.

అతని మూడు రోజుల్నీ తెర మీద పరిచాను.
ఎరుపు.
భోజనం దగ్గర ఎరుపు. ఆవిరి గదిలోంచి వచ్చి కూర్చున్నాక ఎరుపు.
నిద్రలోనూ, చెవులు తెరుచుకుని పడుకునే ఆ నిద్రలోనూ,
ఎరుపే.

"కొట్టుకుంటోంది కదా," అన్నాడు. "అదీ సమంగా."
ఆ సమంగానే నాకు నచ్చలేదన్నాను.
కోపమొచ్చింది మనిషికి.
"తడబడే ఇంజిన్నయితే షెడ్డుకి తోలతాను నేను.
నాది గడియారంలా నడుస్తుంటే తప్పంటావా?"

ఎలా చెప్పను.
మంచి గుండె గడియారం కాదు.
ఊపిరి తీసినప్పుడు కాస్త తొందర,
విడిచినప్పుడు కాస్త జాగు.
ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య జాగా
ఎప్పుడూ ఒక్కలా ఉండదు.
లఘువు పక్కన గురువు, ఆ పక్కన మరో గురువు,
ఎవరూ గణాలు కట్టని పద్యం.
బెంగ ఏళ్ల తరబడి లోపల కాపురముంటే
గురువులు ఒక్కొక్కటే ఇల్లు ఖాళీ చేస్తాయి.
మిగిలేది
టక టక టక టక.

సెకనుని వెయ్యి ముక్కలు చేస్తే
అందులో పదమూడు.
రాత్రంతా అతని గుండెకి దొరికిన వెసులుబాటు అంతే.
(ఒక్క అంకెతో మనిషిని తూచకూడదని నాకూ తెలుసు.
వయసు, జలుబు, చివరి కప్పు కాఫీ,
అన్నీ అందులో వేలు పెడతాయి.)

అయితే బుధవారం తెల్లవారుజామున
నాలుగూ పదిహేడు నుంచి నాలుగూ ఇరవై ఎనిమిది దాకా
ఒక ఆకుపచ్చ తునక.
అక్కడ రాసుకున్నదేమైనా ఉందేమోనని చూశాను.
మిగతా గంటలన్నిటికీ పొట్టి పొట్టి మాటలు రాశాడు,
బస్టాండు, బడి వీధి, డీజిలు.
అక్కడ మాత్రం ఖాళీ.

"ఏం చేశావప్పుడు?"
"ఏం చెయ్యలేదు. గేటు పడింది."
దుంగల రైలు. సగం దాటి నిలిచిపోయింది, ఎందుకో.
బ్లేడు పైకెత్తి ఇంజిను ఆపేశాడు.
మంచు పడుతూనే ఉంది, అద్దం మీదా, దుంగల మీదా.
"ఎంత పడినా ఆ కాసేపూ
నాది కాదది."

చాలాసేపు తెర వంకే చూశాడు.
తర్వాత, నాతో కాదు, తన చేతులతో అన్నట్టు:
"బ్లేడు కింద స్ప్రింగులుంటాయి.
రోడ్డులో ఇనప మూత తగిలితే అంచు వెనక్కి ఒరిగి
మళ్లీ లేస్తుంది.
స్ప్రింగులు బిగుసుకుపోయిన బ్లేడు కూడా
తిన్నగానే పోతుంది. చూడ్డానికి బాగుంటుంది.
మూత తగిలేదాకా."

నేనిక వివరించడానికేమీ మిగల్లేదు.
ఫోను వేరే గదిలో పెట్టమన్నాను. వంతులకి ఇంకో మనిషిని అడగమన్నాను.
తలూపాడు. రెండోది జరగదని ఇద్దరికీ తెలుసు.
కాగితం నాలుగు మడతలు పెట్టి,
ఆ పచ్చ తునక పైకొచ్చేలా మళ్లీ తిరగమడిచి,
జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటికి దగ్గర దారి వదిలి
ఆ గేటు మీదుగా వెళ్లాను.
ఎత్తే ఉంది. పట్టాల మీద ఏమీ లేదు.
అయినా ఆపాను కారు.
ఒక ఊపిరి తీశాను, విడుస్తుండగా
వెనక ఎవరిదో
హారను.