తీపి పోయేదాకా

నిజ్వా ఖర్జూరాల ఫ్యాక్టరీ వెనకనుంచి
వారానికి పది బస్తాల గింజలొస్తయి ల్యాబుకు.
కడుగుడు నా పని.

మొదట్ల మాకెవ్వరికీ తెల్వదు.
గింజకంటిన రవ్వంత గుజ్జును లెక్కల పెట్టలే.
సిమెంటు, ఇసుక, కంకరకు బదులు గింజ.
కలిపి డబ్బాల పోసి తెల్లారి బోల్టులిప్పితే
వేడి ఉప్మా లెక్క జారింది.
మూడొద్దులు చూసినం, గట్టిపడలే.
నాలుగోనాడు చీమలొచ్చినయి, వరుసకట్టి.

బద్రియా మేడం చీమల్ని చూసి నవ్వింది.
తీపి ఉంటే సిమెంటు పట్టుకోదు రాజలింగం, అన్నది
వచ్చీరాని హిందీల.
నాకూ అంతే మేడం, అన్న.
పొద్దున ఒక గోలీ, రాత్రి ఒక గోలీ.
ఆమెకు సగమే సమజైంది.
మిగతా సగం కంపెనీల ఎవ్వరికీ చెప్పలే.

అప్పట్నుంచి మూడు నీళ్లు.
మొదటి నీళ్లు బెల్లం పానకం,
రెండోసారివి పలుచటి చాయ్,
మూడోసారి గింజ నోట్లేసుకుని చూడాలె,
ఏ రుచీ ఉండొద్దు.
ఉంటే ఇంకోసారి.
దీనికి మిషను లేదు. నా నాలుకే మిషను.

ఒంటెలోళ్ల నాసర్ గేటుకాడ లొల్లి పెట్టిండు:
నానబెట్టిన గింజ మా ఒంటెల దాణా,
నోటికాడి బుక్క గుంజుకపోయి గోడ కడతరా?
అతనిదీ నిజమే.
మేడం రెండు బస్తాలు ఒదిలేసింది,
ఎనిమిదీ అని దిద్దుకుంది పుస్తకంల.

ఇరవై ఎనిమిదొద్దులు తొట్టి నీళ్లల్ల నాననిచ్చి
తీసిననాడు, కాంటా కంటే ముందు
కండ్లు మూసుకొమ్మని నా చేతికిచ్చింది.
ఎడమచేతిల మామూలు దిమ్మ. కుడిచేతిల గింజలది.
పదకొండేండ్లు రువీల, సీబ్‌ల
నాలుగంతస్తులు, ఆరంతస్తులు
ఇటుక మోసిన భుజమిది.
కాంటానన్న మోసం చెయ్యొచ్చు, దీన్ని చెయ్యలేరు.
కుడిచెయ్యి దానంతటదే లేచింది.
ఎనిమిది కిలోల కాడ ఆరు.

రెండు కిలోలు.
వెయ్యి మెట్లకు ఎంతైతదో లెక్కెయ్యబోయి ఆగిన.
అరిగిన భుజం ఎట్లాగూ అరిగింది.

మిషన్ల పెట్టి ఒత్తితే
మామూలు దిమ్మ పటాకి లెక్క పేలుతది.
ఇది పేలలే.
మెల్లగ, మూలిగినట్టు, పక్కలకు పగిలి
అట్లనే నిలబడ్డది.
అంకె చిన్నదే వచ్చింది. పిల్లరుకు పనికిరాదట,
నడిమి గోడకు చాలునట,
కప్పు మీద ఎండ ఆపుడుకు మంచిదట.
ఎండ ఆపుడు చిన్న పనా ఈ ఊర్ల?

ముక్కలిరిచి చూస్తే లోపల గింజలు,
ఎక్కువశాతం పగలకుంట,
నడుమ గీత నడుమనే.

మీకాడ ఏం పారేస్తరు, అని అడిగింది మేడం.
కోరుట్ల రైసుమిల్లు వెనక ఊకగుట్ట చెప్పిన,
నెలల తరబడి లోలోపల కాలుతుండే గుట్ట,
అండ్ల కాలు పెట్టి బొబ్బలెక్కిన మా చిన్నాయన సంగతి కూడా.
ఊక, అని రాసుకుంది.
మా మాటను కుడినుంచి ఎడమకు రాయంగ చూసుడు
అదే మొదలు.

మొదటి దిమ్మ, ఆ జారిపోయింది,
నెల దాటినంక తనంతట తానే గట్టిపడ్డది
వంకరటింకరగ.
పారేయమన్నరు. రూముకు తెచ్చుకున్న,
గాలికి తలుపు కొట్టుకోకుంట అడ్డం పెట్ట.

ఇయ్యాల పొద్దున కూడా రెండు చీమలొచ్చి
దాని చుట్టు ఒకసారి తిరిగి
ఏమనుకున్నయో, పోయినయి.