తోకబరువు

ముక్కు తెరిచి చూస్తే ఏమీ లేదు.
ఒక స్టెప్నీ, ఒక గొడుగు, ఎండిపోయిన తుండుగుడ్డ.
"ఇంజనేదండీ?" అన్నాను.
సర్వేశ్వరరావు గారు నవ్వి వెనక్కి నడిచారు.
తోకలో ఉంది దాని గుండె,
ఇనుప మూటలా, ఇంకా వెచ్చగా.

ఆటోనగర్ షెడ్డులో ఆ పూట
పసుపుపచ్చ కారు నేలకి జానెడెత్తు లేదు.
ర్యాంపు మీద గడ్డం గీసుకుంటుందని
రెండు టేకు చెక్కలు వేసి
వించి తాడుతో అంగుళం అంగుళం లాగాం,
ముక్కు ముందుకే.
కారంటే అలాగే కదా ఎక్కించేది.
పద్దెనిమిదేళ్లుగా ఎన్ని ఎక్కించలేదు నేను!

భీమిలి పోవాలి.
ఎన్.ఏ.డి. దాటేదాకా బుద్ధిగానే వచ్చింది.
హనుమంతవాక దగ్గర చిన్న అనుమానం,
మా బొలేరో నడుం
ఎవరో పైకెత్తి పట్టుకున్నట్టు.
ఎండాడ దిగుడులో తెలిసింది.
పక్కనించి లారీ దూసుకుపోయిన గాలికి
ట్రైలరు ఎడమకి ఊగింది.
కుడికి, ఇంకొంచెం.
ఎడమకి, ఇంకా.

బ్రేకు తొక్కమంటుంది కాలు.
తొక్కితే మడతమంచంలా ముడుచుకుంటాం.
కాలు తీసేశాను. అంతే.
స్టీరింగు బిగించి పట్టుకుని ఊరుకున్నాను.
"అప్పన్నా" అన్నది నేను కాదు,
పక్కనున్న కుర్రాడు గవరయ్య.
ఊపు దానంతటది అలిసిపోయి
నలభైకి, ఇరవైకి...
కొండవార ఆగాం.
సిగరెట్టు వెలిగించబోతే
అగ్గిపుల్ల నిలవలేదు చేతిలో.

అప్పుడు వినిపించింది మా అయ్య అరుపు,
పెదజాలరిపేట ఒడ్డున, నాకు పదేళ్లప్పటిది:
"వలంతా ఎనకెట్టీసినావేట్రా?
తోక బరువైతే తెప్ప నీ మాటింటదేట్రా?"
తడిసిన వల ఎంత తూగుతుందో
ఆయన భుజానికి తెలుసు.
నాకు లైసెన్సుంది. హెవీ.

మళ్లీ దింపాం.
పెద్దాయన ఒక్క మాటనకుండా
చొక్కా చేతులు మడిచి చెక్కలు పట్టారు.
కారుని తిప్పి, తోకని ముందుకి పెట్టి,
వెనకడుగున ఎక్కించాం.
బరువు ఇరుసుకి ముందుండాలి.
మరీ ముందుకైతే కొక్కెం కుంగుతుంది,
బొలేరో ముక్కెత్తి ఆకాశం చూస్తుంది.
బెత్తెడు వెనక్కి. ఇంకో రెండు వేళ్లు.
గవరయ్య దూరంగా నిలబడి
అరచెయ్యి అడ్డంగా పెట్టి చూసి
"సదరం" అన్నాడు.

నాలుగు పట్టీలూ చక్రాలకే, ఒంటికి కాదు.
స్ప్రింగుల మీద ఒళ్లు ఊగుతుంది, ఊగనియ్యాలి.
కొక్కెం కింద గొలుసులు అడ్డదిడ్డంగా కాదు,
కత్తెరలా, ఒకదాని మీద ఒకటి.
హ్యాండుబ్రేకుని నమ్మలేదు. గేరుని నమ్మలేదు.
చక్రాల కింద పెట్టిన కర్రదిమ్మల్ని
కొంచెం నమ్మాను.

రుషికొండ దగ్గర ఆగి పట్టీలు మీటి చూశాను.
ఒకటి వదులైంది.
"ఉప్పుగాలి" అన్నాడు గవరయ్య.
గాలి కాదురా, కారు కుదురుకుంది.

ఆ తర్వాత కుడిపక్కంతా సముద్రమే.
మా వెనక ఆటోలో బడిపిల్లలు
తమకేసి ముఖం పెట్టి పరిగెత్తుకొస్తున్న
పసుపు కారుని చూసి కేకలు పెడుతున్నారు,
ఎంతకీ దగ్గరకి రాదేమని.
అద్దంలో కనిపించాడు ఒకడు,
సగం బయటికి వంగి దానికి చెయ్యి ఊపుతూ.

మంగమారిపేట దాటాక
పెద్దాయన మెల్లిగా అడిగారు,
"ఈ కిటుకు నీకెవరు చెప్పారయ్యా?"
"ఎండాడ దిగుడండి" అన్నాను.
అయ్య పేరు చెప్పబుద్ధి కాలేదు, ఎందుకో.
భీమిలి దాకా నలభై దాటించలేదు.