వెల్లకిలా

హరకెకే ఆకులు కోయాలని
ముసలమ్మ హెరేని పొద్దున్నే నన్ను లేపింది.
చీకట్లో కోయకూడదు, వానలో కోయకూడదు.
మూడు రోజులుగా టోకోమారు తీరమంతా ముసురు.
నాలుగోనాడు తెరిపిచ్చింది.

పొద ముందు నిలబడి ఆకులతో ఏదో గొణిగింది.
తర్వాత నా మణికట్టు పట్టుకుని చూపించింది:
నడిమి మొలక బిడ్డ.
దాన్ని అటూ ఇటూ ఆనుకున్నవి తల్లీ తండ్రీ.
వాటి జోలికెళ్ళావో, చెయ్యి విరుస్తా.
బయటివి కొయ్యి. తాతలవి.

నాది గొర్రెల ఉన్ని కత్తిరించే పని.
రోజుకు మూడొందల గొర్రెల్ని వెనక్కి తిప్పి
మోకాళ్ళ మధ్య కూర్చోబెడతాను.
ఎంత మొండిదైనా
తిప్పగానే కాళ్ళు గాలికొదిలేసి ఊరుకుంటుంది.
ఇంటికొస్తే
మూడు కిలోల మెరేయానాను ఎత్తుకోవడానికి
నాకు చేతులు రావు.

పది రోజులు అల్లింది హెరేని.
ఆల్చిప్పతో ఆకు గీకడం, మెత్తబడేదాకా మళ్ళీ గీకడం.
యాభై ఏళ్ళ సిగరెట్టును ఆ పదిరోజులూ ముట్టలేదు.
పొగచేత్తో పిల్ల పక్క అల్లనంది.
పదకొండో రోజూ ముట్టలేదు.
పెట్టె ఇప్పటికీ గూట్లో ఉంది.
ఆమె రెండు వేళ్ళు మాత్రం అప్పుడప్పుడూ
ఖాళీగా పెదవులదాకా వెళ్ళి
సిగ్గుపడి తిరిగొస్తాయి.

బుట్ట తయారైంది, పచ్చి వాసనతో.
రొట్టెల బుట్టలా ఉందన్నాను.
ఎవరూ నవ్వలేదు.

లోపల పలచటి గట్టి పరుపు. ఇంకేమీ లేదు.
పిన్ని పంపిన గులాబీరంగు కుందేలు
కిటికీ గట్టెక్కింది,
ఉద్యోగం పోయిన కాపలావాడిలా రోడ్డుకేసి చూస్తూ.
దిండు పోయింది.
జీతం డబ్బుతో నేను కొన్న బొంత దుప్పటీ పోయింది.
జులై చలికి నా ముక్కే ఊడిపోతోంది,
పిల్లకు టోపీ కూడా వద్దంటారేం?
కహు నా చెయ్యి లాగి పిల్ల మెడ వెనక పెట్టింది.
పెట్ట కింద గుడ్డంత వెచ్చన.
"చాలు కదా? మిగతా ప్రేమ నువ్వే కప్పుకో."

చివరి పోగు దోపుతూ ముసలమ్మ
అన్నట్టూ కాదు, అననట్టూ కాదు:
"మా రెవికి ఐదో నెల.
అప్పట్లో బోర్లా పడుకోబెట్టమనేవారు.
తెల్లకోటు వేసుకుని మరీ చెప్పారు.
నేను చెప్పింది వినే మనిషిని."
అంచు సరిచూసింది.
మిగిలిన ఆకుముక్కలు ఏరి, కట్టగట్టి
మళ్ళీ ఆ పొద మొదట్లోనే పెట్టొచ్చింది.
ఆ ఇంట్లో రెవి పేరు
నేను వినడం అదే మొదలు.

ఇప్పుడు రాత్రి రెండు.
పక్క మీద మా ఇద్దరి మధ్యా బుట్ట.
దాని గోడ ఎత్తు జానెడే,
నా మొద్దునిద్రకు అది సరిహద్దు కంచె.
శనివారం బీరు తాగానా, ఆ రాత్రి నేను ముందుగది నేల మీద.
అడక్కుండానే పోతాను.
షెడ్డు కోటు గడప బయటే వేలాడుతుంది.

మెరేయానా వెల్లకిలా,
రెండు పిడికిళ్ళూ చెవుల పక్కన,
దొంగ దొరికిపోయి చేతులెత్తినట్టు.
ఊపిరి ఒకటి. రెండు. మూడు.
నాలుగోది రాదు.
నా గుండె గొంతులోకొస్తుంది.
కహు కళ్ళు తెరవకుండానే, "పసిపిల్లలంతే. ఆగు."
వస్తుంది నాలుగోది, వెంట ఐదూ ఆరూ,
ఆలస్యమైనందుకు పరుగెత్తుకుంటూ.

గోడకవతల
హెరేని మంచం కిర్రుమంటుంది.
ఆమే లెక్కపెడుతోందేమో. అడగను.

పొద్దున షెడ్డులో రెండుగంటల నిద్రతో
మొదటి గొర్రెను తిప్పాను.
కాళ్ళొదిలేసింది. కళ్ళు సగం మూసింది.
మిషను ఆన్ చెయ్యడం మరిచి
దాని పొట్ట లేచిపడటం చూస్తూ నిలబడితే
మేస్త్రీ అరిచాడు,
"ఏమిట్రా, దాన్ని జోకొడుతున్నావా?"