మోటరు మాట

నడిరాత్రి కరెంటు పోయొస్తే
ఇప్పుడు మంచం దిగేది లేదు.
దిండు కింది సెల్లు తీసి
బాయికాడి మోటరుకు ఫోన్ కొడత.
రెండుసార్లు రింగయినంక
ఎవరో పిల్ల మర్యాదగ చెప్తది
"మీ మోటరు ఆన్ అయినది."
సరే బిడ్డా అని పండుకుంట.
అండాలు చీకట్ల నవ్వుతది,
గంత మెత్తగ నాతోని
ఎన్నడన్న మాట్లాడినవా అని.

సెల్లును తిట్టను నేను.
తిట్టేటోళ్లను చూస్తే
మా నాయిన మడిమె యాదికొస్తది.
రాత్రి కరెంటు రోజులు.
రెండు పళ్ల గాటు, నల్లటి నెత్తురు చుక్క,
బాయి తొవ్వల పడ్డ టార్చిలైటు
తెల్లారిందాక వెలుగుతనే ఉండె.
ఈ డబ్బా అప్పుడుంటే
ఆయన ఇయ్యాల పక్క మంచంల దగ్గుతుండు.

బత్తాయిలమ్మిన పైసలల్ల
మొదలు కొన్నది గందుకే ఇది.
తర్వాత తర్వాత
మొగులు దిక్కు చూసుడు బందయింది,
వాన సంగతి సెల్లు చెప్పబట్టె.
ఆకు ముడుసుకుంటే
వేళ్లతోని రాసి వాసన చూసెటోణ్ణి,
ఫొటో తీసి పంపుడు నేర్చిన.
మల్లేపల్లి మందుల దుకాణపాయన
చెట్టు మొకం చూడకుంటనే మందు రాసిండు.

ఈ ఎండకాలం
తొమ్మిది రాత్రులు ఆ పిల్ల
అదే మాట చెప్పింది.
అబద్ధమాడలే పాపం,
మోటరు తిరిగింది.
బోరుల నీళ్లు లేవు.
నీళ్ల ముచ్చట నేనడగలే, అది చెప్పలే.

పదో నాడు సెల్లు
ఇంట్లున్న ఒక్క బకిట్ నీళ్లల్ల పడ్డది.
ఖలీల్ దాన్ని బియ్యంల పాతిపెట్టి
రెండు దినాలాగమన్నడు.
ఆగబుద్ధి కాక పొద్దుగూకినంక నడిసిన.
చేతిల వెలుగు లేదు,
టార్చి గూడ సెల్లులనే ఉండె.

తొవ్వ నన్ను గుర్తుపట్టలే.
సర్కారు తుమ్మ అడ్డం పెరిగి
అంగి పట్టుకొని గుంజింది,
ఎవలు నువ్వు అన్నట్టు.
నాయిన తొక్కి తొక్కి నున్నగ జేసిన బండ
కాళ్లకు యాడా తగల్లే.

తోట కంటె ముందు వాసనొచ్చింది,
రాలిన పిందెలది,
స్టార్టరు డబ్బాల కాలిన వైరుది.
చెట్లు ఆకులను దొన్నెలు జేసి పట్టుకొని
నిలబడి ఉన్నయి.
తొమ్మిది రాత్రుల సంది
నన్ను పిలుస్తనే ఉన్నయేమో.
మోగని పిలుపు
వినుడు మరిసిపోయిన.

మూడో వరుసల చెట్టు మొదట్ల కూసొని
మట్టి పిడికిట్ల పిసికిన.
ముద్ద కాలే, సందులల్లకెళ్లి జారింది.
ఎంత దప్పికో చేతికి తెలిసింది.
నాకంటె చెయ్యే నయం.

సెల్లు బాగయింది. ఖలీల్ రెండువందలు తీసుకున్నడు.
వానలు పడ్డయి, బోరు ఊరింది,
ఇరవై రెండు చెట్లు మాత్రం పొయ్యిలకొచ్చినయి.

రాత్రి ఇప్పటికీ ఫోనే కొడత.
పాము నాకు యాదికుంది.
పొద్దుగాల మాత్రం
చాయ తాగకముందే పోత,
ఆ పిల్ల చెప్పిన మాట
మట్టిని ఓపారి అడిగొద్దామని.

నాయిన బండ
ఇంకా దొరకలే.