నీళ్లవాడికి పాయింట్లు లేవు

మహేంద్రతనయలో ఇసక తెచ్చి
టీ జల్లెడలో మూడుసార్లు పట్టి
పర్లాకిమిడిలో, జెరాక్సు కొట్టు మేడమీద,
ఆదివారం మధ్యాహ్నం మేం ఎడారి చేస్తాం.

పాత తలుపే బల్ల. దానికింకా గొళ్లెం ఉంది.
గొళ్లెం పక్కన కోట:
అగ్గిపెట్టెలు, గంజి గుడ్డ, పైన సున్నం.
ఈతచెట్లు చీపురుపుల్లలు.
దిబ్బ కావాలంటే ఇసక కింద తుండుగుడ్డ మడతెయ్యాలి.
ఫ్యాను వెయ్యకూడదు.
మే నెలలో కూడా వెయ్యకూడదు.
ఎండ సంగతి అందుకే మాకు కొంచెం తెలుసు.

సైన్యమంతా దండాసి మహారాణా చెక్కిందే.
వాళ్ల తాత గెస్టుహౌసు బల్లలకి కొమ్ము నెమళ్లు చేశాడు,
ఇతను మాకు చిటికెనవేలంత సిపాయిల్ని.
ఒంటెని అతనెప్పుడూ చూడలేదు,
మొదటి మూడూ మూపురమున్న గిత్తల్లా వచ్చాయి.
అవే ఉంచేశాం, ఎడారికి ఏం తెలుస్తుందని.
గేదె కొమ్ము నలుపు.
కోట కాసే కప్తాను దొరా నలుపే,
దిబ్బ చాటున పొంచున్న తెగవాడూ నలుపే.
ఆనవాలుకి దొరల పక్షం నడుముకి ఎర్ర లక్క.
లక్క ఊడితే మనిషి అటు కలిసిపోయినట్టే,
అలా ఇద్దరు హవల్దార్లు పోయారు.

ఘట్టాలు రాసేది నేను,
దస్తావేజులు రాసిన చేతివాటంతో:
తూర్పు హద్దు ఎండిన వాగు,
పడమర హద్దు టెలిగ్రాఫు తీగ, తెగి ఉన్నది.
ఒకటి, దారి తప్పిన ఒంటెల బారు.
ఒకటి, రాత్రి దాడి: లైటార్పి, పాచిక చుక్కలు వేలితో తడిమి చూసుకోవాలి,
ఎవడూ ఎవణ్ణీ నమ్మడు.
ఇసక తుఫాను వస్తే తవిటినాయుడు ఒక్కసారి ఊదుతాడు.
చుట్టలు కాల్చిన ఛాతీ, ఊపిరి తక్కువ.
అది ఎప్పుడూ కోటకే లాభం.

పోయిన నెల రాసిన ఘట్టం పేరు బావి.
నీళ్లందని ప్రతి వంతుకీ ఒక సిపాయి పడిపోవాలి.
గుర్రపువాడికి ఐదు పాయింట్లు,
ఫిరంగికి పన్నెండు, కప్తానుకి పది.
నాయుడు కాగితం రెండువైపులా తిప్పి చూసి
"మరి నీళ్లెవుడు మోస్తాడ్రా?" అన్నాడు.

మా ఇంట్లో ఒక మాటుంది.
గొడుగు పోతే "బస్రా పోయింది" అంటాం.
అప్పిచ్చిన డబ్బు, చెప్పుల్లో ఒకటి, పిల్లి,
తిరిగిరానిదల్లా బస్రానే.
మా తాత అన్న ముఖలింగం
మొదటి యుద్ధంలో వేలిముద్ర వేసి ఓడెక్కాడు.
తుపాకీ ఇవ్వలేదు. తోలుతిత్తి ఇచ్చారు.
రెండు మనియార్డర్లు వచ్చాయి,
మూడోది రాలేదు.
ఆ మాట మాత్రం ఇంట్లో ఉండిపోయింది,
ఎవరి గురించో మరిచిపోయేంత వాడుక అయి.

ఇదంతా నేను చెప్పలేదు.
దండాసి మిగిలిన పెచ్చు ఒకటి దీపం మీద కాచి
వంచాడు. అంతే, వంచాడు.
వీపు మీద తిత్తి. చేతులు ఖాళీ.
లక్క పుయ్యాలా వద్దా అని అడిగాడు.
ఇద్దరం మాట్లాడలేదు.
"హఉ" అని, పుయ్యకుండా బావి దగ్గర నిలబెట్టాడు.

ఆట మొదలైంది.
బావి నుంచి కోటకి తొమ్మిది అంగుళాలు,
వాడి నడక వంతుకి ఒక్క అంగుళం.
నాలుగో వంతులో తెగవాళ్ల తుపాకీ నాయుడిది.
పాచిక వేశాడు. ఆరు.
ఆరు పడితే మనిషి పడాలి, నియమం నేను రాసిందే.
"బల్ల వాటంగా లేదురా, ఇది చెల్లదు" అన్నాడు
జీవితంలో ఒక్క ఆరు వదులుకోని నాయుడు.
మళ్లీ వేశాడు. ఆరే.
అప్పుడు కరెంటు పోయింది.
అలాగే వదిలి టీకి దిగాం.

వచ్చే ఆదివారానికి కోట ఉంది, ఒంటెలున్నాయి,
వాడు లేడు.
ఇసక మళ్లీ జల్లెడ పట్టాం.
ఊడిన లక్క దొరికింది, ఒక చీమ,
ఎవరిదో హవల్దారు చెయ్యి.
తలుపు కింద చూశాం, నాయుడు జేబులు దులిపాడు.
"పోతే పోన్లే, ఎక్కడికి పోతాడు?" అన్నాడు.

నోటిదాకా వచ్చింది మా ఇంటి మాట.
కాగితం తీసి పాయింట్ల గడిలో
నీళ్లవాడు అని రాసి
ఎదురుగా ఏం వెయ్యాలో తెలీక
కలం మూత పెట్టేశాను.