మూడో ఉత్తరం

ఏడాదికోసారి గ్యాస్ తనిఖీ, చట్టం.
అద్దెకున్న ఎమ్లిన్‌కి రెండు ఉత్తరాలు రాశాను.
మొదటిదానికి జవాబు లేదు.
రెండోదానికి, "మంగళవారాలు కుదరవు."
ఏ వారమూ కుదరదని అందులోనే ఉంది.

మూడోది నేనే పట్టుకెళ్ళాను,
మెర్థిర్ వానలో, కొండ ఎక్కి.
తలుపు సందులోంచి అన్నాడు:
"ఆమె పోయిన దగ్గర్నుంచీ తల పగిలిపోతోంది,
సాయంత్రమైతే మరీ. మనుషుల్ని చూడలేను."
నేనేం అనగలను. దిగులుకి సర్టిఫికెట్ ఉండదు.
శుక్రవారం తొమ్మిదికి గెథిన్ వస్తాడు,
టీ కూడా అడగడు అన్నాను.

గెథిన్ బూట్లు గుమ్మంలో విప్పాడు.
బాయిలర్ మూత తీశాడు. చేతిలో మీటర్ చూశాడు.
మాట్లాడకుండా కిటికీలన్నీ తెరిచాడు.
పొగగొట్టంలో కాకి గూడు: పుల్లలు, గొర్రె బొచ్చు,
ఎవరిదో నీలం రిబ్బను.

వాసన లేనిది, రంగు లేనిది
ఇన్నాళ్ళూ ఆయన పక్కనే కూర్చుంది.

ఎర్ర చీటీ అంటించి గెథిన్ వెళ్ళిపోయాడు.
మెట్టు మీద, చలిలో, నా కోటు కప్పుకుని
ఎమ్లిన్ కణతలు తడుముకున్నాడు.
"అయితే ఈ నొప్పి ఆమెది కాదా?"
ఏదో పోగొట్టుకున్నవాడిలా అడిగాడు.

నేనప్పటికి కొత్త బాయిలర్ ఖరీదు లెక్కేస్తున్నాను.
సిగ్గేసి, ఆపేశాను.