లోపల బట్ట వదల్లేదు

ఖైతాన్‌లో మా ఫ్లాటు నడవాని
ఒక సెలవురోజు టేపు పట్టి కొలిచాను.
వెడల్పు ముప్పై మూడు అంగుళాలు.
పొడవు పద్నాలుగు అడుగులు, చివర వంటింటి మలుపు.
జాకెట్టయితే
పక్క కుట్లు విప్పి కాస్త వదులు చేసేదాన్ని.
దీన్ని కట్టినవాడు లోపల బట్ట వదల్లేదు.

మూడు గదులు, మూడు తాళాలు.
నేను, సుభాన్ బీ, ఎలీషమ్మ.
అద్దె ముగ్గురిదీ, నడవా ఎవరిదీ కాదు,
అందుకే అందరి సామానూ అక్కడే:
బియ్యం సంచి, పగిలిన టబ్బు,
ఊరికి పంపాల్సిన అట్టపెట్టె
ఆర్నెల్లుగా కట్టీ కట్టకుండా.
బల్బు పెట్టమంటే హారిస్ "బుక్రా" అంటాడు.
ఆ రేపటికి మూడేళ్లు.

చీకట్లో ఎదురుపడితే
చెరో గోడకీ ముఖం తిప్పుకుని
వీపులు రాసుకుంటూ దాటేవాళ్లం.
మనిషెవరో వాసన చెప్పేది.
డెట్టాలయితే ఎలీషమ్మ,
రాత్రంతా ఆస్పత్రి నేల తుడిచి వచ్చింది.
యాలకులయితే సుభాన్ బీ,
వాళ్ల మేడమ్ చుట్టాలకి ఖహ్వా కాచి వచ్చింది.
మరి నేనో అనడిగితే
ఇద్దరూ ఒకేసారి "ఇస్త్రీ పెట్టె" అన్నారు.

శుక్రవారం సంతలో అద్దం దొరికింది,
మూల విరిగింది, ఒకటిన్నర దినార్.
బస్సు దిగి నేనూ సుభాన్ బీ చెరో అంచూ పట్టుకుని నడిచాం.
ఎండ అందులో పడి కళ్లలో కొడితే
ఎదురొచ్చిన టాక్సీవాడు మూడు భాషల్లో తిట్టాడు.

నడవా చివర నిలబెట్టాం,
వంటింటి కిటికీ వెలుగు మలుపు తిరిగి లోపలికి రావాలని.
వచ్చింది. పిడికెడు.
ముందు బూజు కనిపించింది.
తర్వాత గోడ పొడుగునా జిడ్డు చేతుల వరస,
మాకంటే ముందున్నవాళ్లు
తడుముకుంటూ నడిచిన ఎత్తులో.
సబ్బునీళ్ల గుడ్డతో వంగిన సుభాన్ బీ ఆగిపోయింది.
ఒక చెయ్యి చాలా కిందగా ఉంది.
చిన్నది, అయిదు వేళ్లూ విప్పి.
"ఇది ఉండనీ" అంది.

రంగు వేస్తే డిపాజిట్ పోతుంది.
షాపులో మిగిలిన కత్తిరింపులు తెచ్చాను,
పసుపు సాటిన్, ఎవరి పెళ్లిదో జరీ తునక,
బేరం కుదరక ఆగిపోయిన చిలకపచ్చ షిఫాన్.
అతికి, పొడుగాటి బొంతలా కుట్టి గోడకి దించాను,
ఆ చిన్న చేతికి పైదాకానే.
దానికి జేబులు: తాళాలకొకటి, మందుబిళ్లలకొకటి,
సుభాన్ బీ ఎప్పుడూ పారేసుకునే బతాకాకొకటి.
ముగ్గురికీ కలిసిన అక్షరాలు లేవు గనక
పేర్ల బదులు రంగు గుండీలు.

కొక్కేల దగ్గరే చిక్కొచ్చింది.
ఆగస్టు వేడికి బంక మెత్తబడి
బురఖాతో సహా ఊడి పడ్డాయి తెల్లారుజామున,
అప్పుడే లోపలికొచ్చిన ఎలీషమ్మ నెత్తిన.
ఆవిడ యేసయ్యని పిలిచిన పిలుపుకి
పై అంతస్తు లేచింది.
ఇక లాభంలేదని హారిస్ ప్యాంటు రెండు కురచ చేసిచ్చి
డ్రిల్లు తెచ్చుకున్నాను.
ప్యాంటు కుదిరిందేమో, బల్బు కూడా తెచ్చాడు.

అంతా అయ్యాక మళ్లీ టేపు పట్టాను.
ఇరవై తొమ్మిది.
ఇంత సర్దితే
నాలుగంగుళాలు తగ్గింది.

మర్నాడు పొద్దున్నే నేను పనికి, ఎలీషమ్మ నిద్రకి.
అలవాటు కొద్దీ గోడవైపు తిరిగింది,
కొక్కెం ముక్కుకి తగిలింది.
"అబ్బ" అంటూ ఇటు తిరిగితే
నేనూ ఇటే తిరిగున్నాను.
కడుపులు బిగబట్టి దాటుతున్నాం, బల్బు కింద.
ఎడమ కనుబొమ్మ మీద ఆవిడకో పాత గాటుంది.
మూడు కుట్లు,
ఎవరో హడావిడిగా, లావు దారంతో వేసినవి.
నేనైతే సన్నగా వేసేదాన్ని.

అడగలేదింకా.